బల్బు వెలుగుతుంది, మోటరు లేవదు: హాబీ సర్క్యూట్లలో పవర్ సప్లై లోపాలు

యాసంగి వరి పొట్టకొచ్చే రోజుల్లో వరంగల్, హన్మకొండ జిల్లాల పల్లెల్లో ఒక మాట తరచుగా వినిపిస్తుంది: బల్బు వెలుగుతుంది గాని మోటరు లేవదు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద పది పన్నెండు మోటర్లు నడుస్తున్నప్పుడు లైను చివరన ఉన్న బావి దగ్గర వోల్టేజి పడిపోతుంది. ఆ వోల్టేజికి పాత రకం బల్బు ఎర్రగానైనా వెలుగుతుంది; ఇప్పటి ఎల్‌ఈడీ బల్బయితే తేడా కూడా తెలియనివ్వదు. మోటరు మాత్రం మూలిగి ఊరుకుంటుంది, ఎందుకంటే లేచే క్షణంలో అది మామూలుగా తీసుకునే కరెంటుకు ఐదారు రెట్లు అడుగుతుంది, అలా అడిగినందువల్లనే ఉన్న వోల్టేజి ఇంకా కిందికి జారుతుంది. కరెంటు ఉన్నదా అన్నది ఒక ప్రశ్న, ఉన్నది పనికి సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న అని రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. అదే ఇంట్లో పుట్టి, ఇంజినీరింగ్ కాలేజీలో చేరి, టేబుల్ మీద బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా భాగాలను గుచ్చి కలిపే పలక) పెట్టుకుని కూర్చున్న పిల్లలు మాత్రం తమ సర్క్యూట్ దగ్గరికి వచ్చేసరికి ఈ తేడాను మరిచిపోతుంటారు.

ఇందులో కొంత దోషం మన వాడుక మాటది కూడా. తెలుగులో కరెంటు అనే ఒక్క పదం వోల్టేజికీ, ఆంపియర్లకూ, మొత్తం విద్యుత్తుకూ పనిచేస్తుంది. కరెంటు పోయింది, కరెంటు బిల్లు, కరెంటు షాకు, అన్నీ అదే మాట. అందుకే మల్టీమీటరు 5 వోల్టులు చూపగానే “కరెంటు వస్తోంది, సప్లై బాగానే ఉంది” అని తేల్చేసి, తర్వాత రెండు రోజులు ప్రోగ్రాములో తప్పు వెతకడం జరుగుతుంది. మీటరు చూపింది వోల్టేజి మాత్రమే. అదీ లోడు (సప్లై నుంచి కరెంటు లాగే పరికరం) లేనప్పుడో, ఉన్నా తక్కువగా ఉన్నప్పుడో, అడాప్టరు దగ్గర కొలిచిన వోల్టేజి. సర్క్యూట్‌కు కావలసింది లోడు పూర్తిగా పడిన క్షణంలో, ఐసీ (చిప్) కాళ్ల దగ్గర మిగిలే వోల్టేజి. ఈ రెండు చోట్ల, ఈ రెండు సమయాల మధ్య ఏం జరుగుతోందో కనిపెట్టడమే పవర్ సప్లై లోపాల వెతుకులాటలో అసలు పని.

ఈ ప్రాంతంలో ఎవరికైనా సహజంగా తోచే ప్రాజెక్టునే ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇంటి నుంచి ఫోన్ చేస్తే బావి దగ్గరి మోటరును ఆన్ చేసి, ఆన్ అయిందో లేదో మెసేజ్ పంపే పరికరం అది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలయ్యాక, రాత్రి కరెంటు వచ్చే వేళకు మోటరు దానంతటదే లేవడానికి పెట్టిన ఆటో స్టార్టర్ల అవసరం తగ్గింది. ఇంటి నుంచే మోటరును నడిపించాలన్న కోరిక మాత్రం అలాగే ఉంది. ఇలాంటి పరికరంలో ప్రోగ్రాము రాసి నడిపే ఆర్డుయినో బోర్డు ఒకటి, సిమ్ వేసుకుని మొబైల్ నెట్‌వర్క్‌తో మాట్లాడే సిమ్800ఎల్ అనే చిన్న జీఎస్ఎం మాడ్యూలు, చిన్న కరెంటుతో పెద్ద స్విచ్చును నడిపే 5 వోల్టుల రిలే, 12 వోల్టుల అడాప్టరు, ఆ 12 వోల్టులను 4 వోల్టులకు దించే ఎల్ఎం2596 మాడ్యూలు ఉంటాయనుకుందాం. హన్మకొండలోని అద్దె గదిలో వారం రోజులు ఒక్క తప్పు లేకుండా నడిచిన ఈ పరికరాన్ని పరకాల వైపు ఒక బావి దగ్గర బిగించగానే మొండికేస్తుంది. మాడ్యూలు మీది బుల్లి లైటు సెకనుకొకసారి ఏడెనిమిది సార్లు మెరుస్తుంది, క్షణం ఆరిపోతుంది, మళ్లీ మొదటి నుంచి మెరవడం మొదలుపెడుతుంది. నెట్‌వర్క్ దొరికి ఉంటే ఆ లైటు మూడు సెకన్లకొకసారి మెరవాలి.

మీటరు పెట్టి చూస్తే మాడ్యూలుకు 4 వోల్టులు అందుతూనే ఉంటాయి. మరి ఎందుకు పడిపోతోంది? ఈ మాడ్యూలు పనిచేయడానికి 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్య సరఫరా కావాలి. జీఎస్ఎం పద్ధతిలో ఫోను నిరంతరంగా ప్రసారం చేయదు, ప్రతి 4.615 మిల్లీసెకన్లకు ఒకసారి, 577 మైక్రోసెకన్ల పాటు మాత్రమే పలుకుతుంది. పలికిన ఆ కొద్ది సేపట్లో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. మిగతా సమయంలో దానికి కావలసింది చాలా తక్కువ కాబట్టి సగటు చూస్తే కొన్ని వందల మిల్లీ ఆంపియర్లకు మించదు. దుకాణంలో దొరికే చవక మల్టీమీటరు సెకనుకు రెండు మూడు సార్లు మాత్రమే అంకె మారుస్తుంది, మార్చిన ప్రతిసారీ చూపేది సగటునే. సెకనులో వెయ్యో వంతు కూడా లేని వోల్టేజి గుంట దాని కంటికి ఆనదు. మీటరు అబద్ధం చెప్పలేదు. అడిగిన ప్రశ్న వేరు.

హన్మకొండలో నడిచి, బావి దగ్గర నడవకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. టవరు దగ్గరగా ఉంటే నెట్‌వర్క్ ఆదేశం మేరకు మాడ్యూలు తన ప్రసార శక్తిని తగ్గించుకుంటుంది, సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట పూర్తి శక్తితో అరుస్తుంది. అంటే గదిలో నాలుగు పక్కలా టవర్లున్నప్పుడు ఆ 2 ఆంపియర్ల అవసరమే రాలేదు. పొలంలో వచ్చింది. పరీక్ష జరిగింది సులువైన చోట, పరికరం బతకవలసింది కష్టమైన చోట.

ఇప్పుడు ఆ గుంట ఎంత లోతుందో లెక్క వేయవచ్చు. సన్నని తీగలు, కనెక్టర్లు, ఎల్ఎం2596 కన్వర్టరు అన్నీ కలిసి ఆ క్షణంలో 1 ఆంపియరు మాత్రమే అందించగలవనుకుంటే, మిగతా 1 ఆంపియరును మాడ్యూలు పక్కనున్న కెపాసిటరు (కొంత విద్యుత్తును నిలవచేసి, కావలసినప్పుడు వదిలే భాగం) ఇవ్వాలి. 1 ఆంపియరు 577 మైక్రోసెకన్ల పాటు బయటికి పోతే 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరు వోల్టేజి దాదాపు 0.58 వోల్టులు తగ్గుతుంది. 4.0 లోంచి అది తీసేస్తే 3.42, మాడ్యూలు అడుగు గీత 3.4. చవక కెపాసిటరు లోపలి నిరోధం 0.1 ఓం ఉన్నా చాలు, ఇంకో 0.1 వోల్టు అక్కడ పోయి గీత దాటిపోతుంది. 2200 మైక్రోఫారడ్లు పెడితే తగ్గుదల 0.26 వోల్టులకు వస్తుంది. చాలా బోర్డుల మీద కనిపించే 100 మైక్రోఫారడ్ల కెపాసిటరుతో ఈ లెక్క వేయడం కూడా దండగ. అది మొదటి వంద మైక్రోసెకన్లలోనే చేతులెత్తేస్తుంది. కెపాసిటరును మాడ్యూలు కాళ్లకు అంగుళం లోపు పెట్టాలన్న సలహా అలంకారం కోసం కాదు: అడుగు పొడవు జంపర్ తీగకు (బ్రెడ్‌బోర్డులో గుచ్చే తీగ) అవతల పెట్టిన కెపాసిటరు అదే జంపర్ నిరోధం గుండా ఇవ్వవలసి వస్తుంది.

జంపర్ తీగల గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే హాబీ ప్రాజెక్టుల్లో వీటి మీద ఉన్నంత గుడ్డి నమ్మకం మరి దేని మీదా లేదు. రంగురంగుల తొడుగు లావుగా ఉన్నా లోపలి లోహం వెంట్రుకల్లా నాలుగు పోగులే ఉంటుంది. చవక రకాల్లో అది రాగి కూడా కాదు. రెండు చివర్ల పిన్నులు, బ్రెడ్‌బోర్డు క్లిప్పులు కలిపి ఒక్కో దారికి పావు ఓం నిరోధం ఉన్నా 2 ఆంపియర్లకు అర వోల్టు అక్కడే ఖర్చవుతుంది. పైగా దారి రెండు వైపులా ఉంటుంది. ప్లస్ తీగలో ఎంత పోతుందో గ్రౌండ్ (మైనస్) తీగలోనూ అంతే పోతుంది. దీన్ని కొలిచే పద్ధతి తెలిసినవారు తక్కువ గాని, అది చాలా తేలిక. మీటరును డీసీ 2 వోల్టుల రేంజిలో పెట్టి, నలుపు ప్రోబును అడాప్టరు గ్రౌండ్ మీద, ఎరుపు ప్రోబును మాడ్యూలు గ్రౌండ్ మీద ఆనించాలి. రెండూ ఒకే గ్రౌండ్ కాబట్టి సున్నా రావాలని అనిపిస్తుంది. పరికరం పనిచేస్తుండగా అక్కడ 0.15 లాంటి అంకె కనిపిస్తే, అది ఆ తీగ మింగుతున్న వోల్టేజి. ప్లస్ వైపు కూడా ఇలాగే తీగకు ఈ చివర, ఆ చివర కొలవాలి. యూఎస్‌బీ కేబుల్‌దీ ఇదే కథ. లోపలి తీగలు 28 గేజ్‌వి అయితే మీటరు పొడవుకు ఒక్కో తీగకు 0.21 ఓం, రానూపోనూ 0.42 ఓం, 1 ఆంపియరు లాగితే 5 వోల్టుల ఛార్జరు నుంచి అవతలికి చేరేది 4.6 వోల్టుల కన్నా తక్కువే. కొన్ని పొడవాటి బ్రెడ్‌బోర్డుల్లో అంచున ఉండే పవర్ పట్టీ మధ్యలో తెగి ఉంటుంది. ఎర్ర గీత మధ్యలో ఆగి మళ్లీ మొదలైతే దానికి అర్థం అదే.

ఈఎస్‌పీ32 లాంటి వైఫై బోర్డులు ఈ విషయంలో కొంత నిజాయితీ గలవి. తమ వోల్టేజి పడిపోతే అవే గుర్తించి, బోర్డు పంపే మాటలను కంప్యూటర్‌లో చూపే సీరియల్ మానిటర్‌లో “బ్రౌనౌట్ డిటెక్టర్ వాజ్ ట్రిగర్డ్” అని రాసి మరీ రీసెట్ అవుతాయి. ఆ మాట కనిపించాక కూడా, ఆ డిటెక్టరునే ప్రోగ్రాములో ఆపేసే చిట్కా చాలా మంది వాడతారు. జ్వరం ఉందని థర్మామీటరును పగలగొట్టడం అది. అసలు కారణం తరచుగా బోర్డు మీది ఏఎంఎస్1117 రెగ్యులేటరు (వోల్టేజిని దించి ఒకే చోట నిలిపే భాగం) దగ్గర దొరుకుతుంది. పూర్తి లోడులో 3.3 వోల్టులు ఇవ్వడానికి దానికి సుమారు 1.1 నుంచి 1.3 వోల్టులు అదనంగా పైన ఉండాలి, అంటే లోపలికి 4.6 వోల్టుల దాకా కావాలి. పైన చెప్పిన కేబుల్, ఆపై బోర్డు మీది రక్షణ డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం) కలిస్తే అంత మిగలదు. వైఫై ప్రసారం మొదలైనప్పుడు చిప్ 240 మిల్లీ ఆంపియర్ల వరకు ఒక్కసారిగా లాగుతుంది, సరిగ్గా అప్పుడే రీసెట్ అవుతుంది. ఆర్డుయినో ఊనో మీద ఉన్న 3.3 వోల్టుల పిన్ను నుంచి వైఫై మాడ్యూలును నడపాలనుకోవడం ఇంకో పాత పొరపాటు. ఆ పిన్నుకు అధికారికంగా చెప్పిన పరిమితి 50 మిల్లీ ఆంపియర్లు.

స్విచింగ్ అడాప్టర్లు కాకుండా ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు 1ఎన్4007 డయోడ్లు, ఒక కెపాసిటరు, 5 వోల్టులు ఇచ్చే 7805 రెగ్యులేటరుతో సొంతంగా సప్లై కట్టుకునేవారికి సమస్య మరో రూపంలో వస్తుంది. పగలంతా బాగుండి, ఊళ్లో మోటర్లన్నీ నడిచే వేళకు పరికరం పిచ్చిగా ప్రవర్తిస్తుంది. 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ శిఖర వోల్టేజి 12.7, రెండు డయోడ్లలో 1.4 పోతే 11.3. డయోడ్ల తర్వాత సెకనుకు వంద శిఖరాలు వస్తాయి, అంటే ఒక శిఖరానికీ తర్వాతి శిఖరానికీ మధ్య 10 మిల్లీసెకన్లు. అంతసేపూ అర ఆంపియరును కెపాసిటరే మోయాలి. 1000 మైక్రోఫారడ్లయితే ఆ వ్యవధిలో 5 వోల్టుల దాకా జారుతుంది, నిజానికి కొంచెం తక్కువే, ఎందుకంటే 10 మిల్లీసెకన్లు పూర్తిగా గడవకముందే తర్వాతి శిఖరం అందుకుంటుంది. ఏమైనా లోయ అడుగు 6.3 వోల్టుల దగ్గర ఉంటుంది. 5 వోల్టులు నిలబెట్టడానికి 7805కు కనీసం 7 కావాలి. మీటరు మాత్రం సగటున 8.8 చూపి ధైర్యం చెబుతుంది. ఇక లైను వోల్టేజి 230 నుంచి 190కి దిగితే శిఖరం 9.1కి, లోయ 4.1కి పడిపోతాయి, సెకనుకు వందసార్లు రెగ్యులేటరు చేయి వదిలేస్తుంది. 3300 మైక్రోఫారడ్లు పెడితే అదే 190 వోల్టులకూ లోయ 7.6 దగ్గర ఆగుతుంది. వోల్టేజి అలను తెరమీద చూపే ఆసిలోస్కోప్ లేనివారు మీటరును ఏసీ రేంజిలో పెట్టి, ఎరుపు ప్రోబుకు వరుసలో 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు కలిపి డీసీ లైను మీద ఆనిస్తే ఈ అల ఉన్నదీ లేనిదీ కొంతవరకైనా తెలుస్తుంది.

లోయ లోతుగా ఉందని 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి 12 వోల్టులది పెట్టడం సులువైన మందులా కనిపిస్తుంది. అప్పుడు రెగ్యులేటరు ముందు సగటున 13 వోల్టులకు పైనే ఉంటుంది. 5 పోగా మిగిలిన 8 వోల్టులు, అర ఆంపియరు కలిసి 4 వాట్ల వేడి. హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు రేకు) లేని 7805 ఒక్కో వాట్‌కు సుమారు 60 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది, అంటే 240 డిగ్రీలు. దానికి తోడు మే నెలలో 45 డిగ్రీలు తాకే మన ఎండ. లోపలి చిప్ 150 డిగ్రీల దరిదాపుల్లోకి రాగానే తనను తాను ఆపేసుకుంటుంది, చల్లబడ్డాక మళ్లీ మొదలవుతుంది. ఆన్ చేసిన ఒకటి రెండు నిమిషాలు నడిచి, ఆగి, మళ్లీ దానంతటదే నడిచే సర్క్యూట్‌లో మొదట అనుమానించవలసింది ఈ వేడినే. హీట్‌సింక్ బిగించడం ఒక దారి. ఎల్ఎం2596 లాంటి స్విచింగ్ మాడ్యూలుకు మారడం ఇంకా మంచి దారి. కాకపోతే ఆ మాడ్యూలు మీది స్క్రూను తిప్పి, మీటరుతో వోల్టేజి సరిచూసిన తర్వాతే సర్క్యూట్‌కు కలపాలి. అది చాలా చుట్లు తిరిగే స్క్రూ. రెండు మూడు చుట్లకు అంకె కదలలేదని పాడైందనుకోవద్దు.

ఇక్కడి దాకా వచ్చిన ఉదాహరణలను బట్టి ఒక సంగతి గమనించవచ్చు: పరికరం ఎప్పుడు పడిపోతోంది అన్నదే సగం సమాధానం. ప్రసారం మొదలైనప్పుడు పడిపోతే తీగలు, కెపాసిటర్లు. కొన్ని నిమిషాలకు పడిపోతే వేడి. సాయంత్రం పడిపోతే లైను వోల్టేజి. రిలే ఆన్ అయినప్పుడు కాక ఆఫ్ అయినప్పుడు రీసెట్ అయితే కథ వేరు. అక్కడ సప్లై చాలకపోవడం కాదు, కాయిల్ వదిలేసిన శక్తి ఎదురు తిరిగి కొట్టడం. రిలే కాయిల్‌కు అడ్డంగా ఒక 1ఎన్4007 డయోడ్ తిరగేసి పెడితే అది అణిగిపోతుంది. అయితే ఆ రిలే నడిపేది స్టార్టరులోని కాంటాక్టర్‌ను (మోటరుకు కరెంటు కలిపే పెద్ద రిలే) అయితే ఈ డయోడ్ చాలదు, ఎందుకంటే కాంటాక్టర్ కాయిల్ ఏసీ మీద నడుస్తుంది. దాని స్పార్కు తీగల్లోనూ గాలిలోనూ ప్రయాణించి మైక్రోకంట్రోలర్‌ను తికమక పెడుతుంది. కాంటాక్టర్ కాయిల్‌కు అడ్డంగా 100 ఓంల రెసిస్టరు, మెయిన్స్‌కు తగిన 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 కెపాసిటరు వరుసగా కలిపి పెట్టడం దీనికి మామూలు మందు. మామూలు కెపాసిటరు ఇక్కడ వాడకూడదు, పేలుతుంది.

అనుమానాన్ని రుజువు చేసుకోవడానికి సప్లైనీ సర్క్యూట్‌నూ విడదీసి చూడటం కంటే మంచి ఉపాయం లేదు. సర్క్యూట్ తీసేసి 5 వోల్టుల సప్లైకి 10 ఓంల, 10 వాట్ల సిమెంట్ రెసిస్టరు కలిపితే అర ఆంపియరు లోడు పడుతుంది. అప్పుడు కూడా 5 దగ్గరే నిలిస్తే సప్లై అంతవరకు నమ్మదగినదే. 2 ఆంపియర్లని రాసి ఉన్న అడాప్టరు అర ఆంపియరుకే 4.3కి జారితే దాని లేబుల్‌ను ఇక పట్టించుకోనక్కరలేదు. రెండో వైపు నుంచి చూస్తే, సిమ్800ఎల్ మాడ్యూలుకు పూర్తిగా ఛార్జ్ అయిన 18650 లిథియం సెల్‌ను పొట్టి, లావు తీగలతో నేరుగా కలపవచ్చు. సెల్ ఇచ్చే 3.7 నుంచి 4.2 వోల్టులు మాడ్యూలుకు సరిగ్గా సరిపోతాయి, 2 ఆంపియర్లు దానికి లెక్కలోకి రావు. సెల్ మీద లోపం మాయమైతే నేరం ఎవరిదో తేలిపోయినట్టే. తీగలు ఒకదానికొకటి తగలకుండా మాత్రం చూడాలి, షార్ట్ అయిన లిథియం సెల్ నిప్పుతో సమానం.

కొన్ని లోపాలు పవర్ సప్లై వేషం వేసుకుని వస్తాయి. సిమ్800ఎల్ 2జీ మీద మాత్రమే పనిచేస్తుంది, జియోకు 2జీ లేదు. ఆ సిమ్ వేసిన సిమ్800ఎల్ లైటు ఎంతసేపైనా సెకనుకొకసారి మెరుస్తూనే ఉంటుంది. మధ్యలో ఆరి మళ్లీ మొదలవకుండా ఒకే తీరున మెరుస్తోందంటే కెపాసిటర్లు మార్చేముందు సిమ్‌ను చూడటం మంచిది. పవర్‌బ్యాంక్ మీద అర నిమిషానికి ఆరిపోయే సెన్సర్ బోర్డులోనూ తప్పేమీ ఉండకపోవచ్చు; అంత తక్కువ కరెంటు తీసుకుంటే ఫోను ఛార్జింగ్ అయిపోయిందనుకుని చాలా పవర్‌బ్యాంకులు తమంతట తామే ఆఫ్ అవుతాయి. మీటరు కూడా మోసగించవచ్చు. దాని 9 వోల్టుల బ్యాటరీ నీరసిస్తే కొన్ని చవక మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ వోల్టేజి చూపుతాయి. కొత్త అడాప్టరు 5.8 చూపిందని గాభరా పడేముందు మీటరు బ్యాటరీ మార్చి చూడాలి. అంతకుముందు కరెంటు కొలిచి, ఎరుపు ప్రోబును 10 ఆంపియర్ల సాకెట్లోనే మరిచిపోయి వోల్టేజి కొలవబోతే సప్లై నేరుగా షార్ట్ అవుతుంది.

230 వోల్టుల వైపు పని చేసేటప్పుడు, రిపేరు దుకాణాల్లో వాడే సిరీస్ బల్బు హాబీ టేబుల్ మీద కూడా ఉండాలి. కొత్తగా కట్టిన ట్రాన్స్‌ఫార్మర్ సప్లైని 60 వాట్ల పాత రకం బల్బుతో వరుసలో కలిపి ఆన్ చేస్తే, లోపల షార్ట్ ఉన్నప్పుడు బల్బు నిండుగా వెలిగి ఊరుకుంటుంది. ఫ్యూజు పోదు, డయోడ్లు మాడవు. బావుల దగ్గర న్యూట్రల్ తీగ లేని చోట ఇనుప రాడ్డు పాతి దాన్నే న్యూట్రల్‌గా వాడటం అక్కడక్కడ కనిపిస్తుంది. ఎండాకాలం నేల ఎండే కొద్దీ ఆ రాడ్డు నిరోధం పెరిగి, లోడు పడినప్పుడు పరికరానికి అందే వోల్టేజి తగ్గుతుంది. అంతకంటే పెద్ద సంగతి, ఆ రాడ్డు మీదా దాని చుట్టూ ఉన్న తడి నేల మీదా ప్రాణం తీసేంత వోల్టేజి ఉండవచ్చు. రెండు ఫేజుల మధ్య పనిచేసే 440 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ వాడితే న్యూట్రల్ అవసరమే ఉండదు. మొబైల్ స్టార్టర్లలో వాడే పద్ధతి అదే. ఈ తీగలు కలిపే పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలి.

అన్నీ సరిచేశాక కూడా ఏడాది తిరిగేసరికి పాత లోపం తిరిగి రావచ్చు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు లోపల ద్రవం ఉంటుంది, వేడికి అది నెమ్మదిగా ఇంకిపోతుంది. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలని రాసి ఉన్న కెపాసిటరు, ప్రతి 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా రెట్టింపు కాలం బతుకుతుంది. 85 డిగ్రీల రకానిది అదే లెక్కన చాలా ముందే ముసలిదవుతుంది. ఎండలో కాగిన స్టార్టరు ఇనుప డబ్బాలో, వేడెక్కిన రెగ్యులేటరుకు ఆనుకుని ఉన్న కెపాసిటరు పరిస్థితి ఊహించవచ్చు. మీటరులో దాని విలువ ఇంకా 900 మైక్రోఫారడ్లుగానే కనిపించవచ్చు, లోపలి నిరోధం మాత్రం పదింతలై ఉంటుంది. తల ఉబ్బి కనిపిస్తే సరే. ఉబ్బకపోయినా, దాని కాళ్లకు సమాంతరంగా అంతే విలువ గల కొత్త కెపాసిటరును ప్లస్, మైనస్ చూసుకుని ఒక్క నిమిషం టంకం పెట్టి చూస్తే చాలు. మాడ్యూలు మీది బుల్లి లైటు మళ్లీ మూడు సెకన్లకొకసారి మెరవడం మొదలుపెడితే, మార్చవలసింది ఏదో తెలిసిపోతుంది.